మీకు తెలుసా? జారిపడే నవ్వు, పోలికపట్టే నవ్వు

డుంబ్రిగుడ మండలంలో చాలా ఇళ్లలో ఒకే చూరు కింద రెండు మూడు భాషలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు కువిలోనో, కుబిలోనో, ఆదివాసీ ఒరియాలోనో మాట్లాడుకుంటారు. పిల్లలు బడిలో, బస్సులో, ఫోన్‌లో తెలుగు పట్టేస్తారు. అలాంటి ఇంట్లో అవ్వా మనవడూ కలిసి ఒక వెక్కిరింపు సినిమా చూస్తే నవ్వు రెండు వేర్వేరు చోట్ల పుడుతుంది. హీరో కాలు జారి పేడకుప్పలో పడినప్పుడు అవ్వ నవ్వుతుంది. పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకుని తొడ కొట్టినప్పుడు మనవడు నవ్వుతాడు. ఆ తొడ కొట్టడం అతను ఇంకో పెద్ద సినిమాలో చూసి ఉన్నాడు కాబట్టి. మొదటి నవ్వుకు భాషతో పని లేదు. రెండోదానికి జ్ఞాపకం కావాలి. ఇప్పుడు అందరూ స్పూఫ్ అంటున్న సినిమాలో ఈ రెండు నవ్వులూ పక్కపక్కనే ఉంటాయి. ఆ సినిమాల్ని చవకబారు సరుకని తీసిపారేసేవాళ్లతో నాకు పాత పేచీ ఉంది. అందుకే ఈ విశేషాలు కూర్చాను.

యమభటుడు పొరబడటం ఎప్పటినుంచి మొదలైందో తెలుసా?

యముడి మనుషులు ఒకరికి బదులు ఇంకొకర్ని పట్టుకుపోవడం, తీరా అక్కడికి వెళ్లాక నాలుక కరుచుకుని వెనక్కి పంపడం మన సినిమాల్లో బాగా నలిగిన కథ. దాని మూలం సుమారు 1,400 ఏళ్ల కిందటిది. ‘భగవదజ్జుకం’ అనే సంస్కృత ప్రహసనంలో యమదూత ఒక వసంతసేనకు బదులు అదే పేరున్న గణిక ప్రాణం తీసుకుపోతాడు. తిరిగి ఇద్దామని వచ్చేసరికి ఆ శరీరంలో ఒక సన్యాసి దూరి కూర్చుని ఉంటాడు. చేసేది లేక ఆమె ప్రాణాన్ని సన్యాసి ఒంట్లో పెడతాడు. ఇక గణిక వేదాంతం చెబుతుంది, సన్యాసి వయ్యారాలు పోతాడు. పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ కాలంనాటి మామండూరు శాసనంలో ఈ ప్రహసనం పేరు ఉంది. ఆ రాజే రాసిన ‘మత్తవిలాసం’ పేరు కూడా అందులోనే ఉంది. అది తన కాలపు కాపాలికుల్నీ భిక్షువుల్నీ కలిపి ఆటపట్టించిన నాటకం.

ఇప్పుడు 1988కి రండి. ‘యముడికి మొగుడు’లో చిరంజీవిని యమలోకానికి పట్టుకుపోతారు. తిరిగి పంపాల్సి వచ్చేసరికి సొంత ఒళ్లు ఉండదు. అచ్చం అతనిలాగే ఉన్న ఇంకొకడి ఒంట్లోకి పంపుతారు. పిరికివాడి శరీరంలో రౌడీ ప్రాణం! ఏడో శతాబ్దపు ప్రేక్షకుణ్ని తెచ్చి ఆ సినిమా ముందు కూర్చోబెడితే కథ విప్పి చెప్పాల్సిన పని ఉండదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తెలుగు సినిమాను నిలబెట్టినవి పౌరాణికాలు. ఆ కిరీటాలు, గదలు, దీర్ఘ సమాసాలు తలకెక్కిన ప్రేక్షకులకే ఈ యముడి సినిమాలు పండాయి. కృష్ణుడిగా, రాముడిగా జనం చేత దండాలు పెట్టించుకున్న ఎన్.టి.రామారావే 1977లో ‘యమగోల’లో యముడికి ఎదురు నిలబడి యమభటుల చేత సమ్మె చేయించాడు. తనను దేవుణ్ని చేసిన సినిమాల మీదే ఆయన నవ్వించాడు. ఆ ధైర్యం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

అంకె వెయ్యకుండానే సీక్వెల్ తియ్యవచ్చని తెలుసా?

‘యమగోల’లో యముడు కైకాల సత్యనారాయణ. ‘యముడికి మొగుడు’లో యముడు కైకాల సత్యనారాయణ. 1994లో ఎస్.వి.కృష్ణారెడ్డి తీసిన ‘యమలీల’లో భవిష్యవాణి గ్రంథం పోగొట్టుకుని భూమ్మీదికి దిగివచ్చి, ఐస్‌క్రీమ్ రుచికి దాసుడైపోయిన యముడూ ఆయనే. 2007లో ‘యమగోల మళ్ళీ మొదలైంది’ అని పేరు పెట్టి, కొత్త యముడిగా శ్రీకాంత్‌ను తెచ్చినప్పుడు కూడా ఆ లోకంలో పెద్ద దిక్కు సత్యనారాయణే. దర్శకులు వేరు, నిర్మాతలు వేరు, హీరోలు వేరు. మధ్యలో 30 ఏళ్లు. అయినా ఆ మీసాలూ ఆ గొంతూ కనిపించగానే ప్రేక్షకుడికి వెనకటి సినిమా గుర్తొచ్చి ముందే నవ్వు మొదలవుతుంది. పార్ట్ టూ, పార్ట్ త్రీ అని ఎవరూ రాయకపోయినా జనం దాన్ని ఒకే కథగా కలుపుకున్నారు. 2022 డిసెంబరులో ఆయన పోయినప్పుడు తెలుగువాళ్లు తమ యముణ్ని పోగొట్టుకున్నారు.

‘మాయాబజార్’ తివాచీ

1957 నాటి ఆ సినిమాలో పెళ్లివారి కాళ్ల కింద తివాచీ చుట్టుకుపోవడం, మంచం తనంతట తాను తిరగడం పిల్లలకు ఎందుకు అంత ఇష్టమో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు గమనించాల్సింది సావిత్రిని. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు ఆమె నడక, భుజాలు, కనుబొమలు అన్నీ ఎస్.వి.రంగారావువే. ఒక మహానటి ఇంకో మహానటుణ్ని, ఆయన అదే సినిమాలో ఉండగానే, ఒంటితో అనుకరించింది. మన తెరమీద ఇంతకన్నా చక్కటి అనుకరణ నాకు తెలిసి లేదు.

ఇటుకల పండుగలో పేడ ఎవరి మీద పడేదో తెలుసా?

ఒకరి పాట్లను అందరూ కలిసి చూసి నవ్వుకోవడం సినిమాతో మన్యానికి రాలేదు. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్లు అడవికి వేటకు వెళ్లడం పాత ఆచారం. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో డబ్ల్యు.ఫ్రాన్సిస్ రాసిన ప్రకారం, ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాళ్లను ఆడవాళ్లు పేడతో కొట్టేవారు. ఊరి వీరులు ఒంటినిండా పేడతో నిలబడితే ఊరంతా నవ్వడం! విల్లంబులు పట్టుకుని డాబుగా వెళ్లినవాడు తలవంచుకుని రావడంలోని తమాషా ఏ దేశపు హాస్య చిత్రానికైనా సరిపోతుంది.

అరకు లోయ థింసాలోనూ ఈ ఛాయ ఉంది. థింసాలో రకాలు చాలా ఉన్నాయి. కుండ థింసాలో ఆడేవాళ్లు భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ లయ తప్పకుండా ఊగుతారు. బయ థింసాలో గణాచారికి పూనకం వచ్చినప్పటి తీరును ఊరి జనం తల వంచి ఊగుతూ తామూ చేసి చూపిస్తారు. తోపులాట ఒకదానిలో, చేసి చూపించడం ఇంకోదానిలో. వీటిని వెక్కిరింపు అనను. వాటి వెనక భక్తీ వేడుకా ఉన్నాయి. కానీ ఒళ్లు ఊగిస్తూ, ఇంకొకరి ఒంటి తీరును పట్టుకుంటూ పదిమందితో కలిసి సంతోషించడం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదని ఇవి చెబుతాయి.

నిజంగా జారితే నవ్వు ఎందుకు రాదు?

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి గెడ్డ చూసినవాళ్లకు తెలుసు, నీరు వెడల్పాటి రాతిపలక మీదుగా పరుచుకుని జారుతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ పాచి మీద కాలు పడితే మనిషి ఆగడు. అక్కడ ఎవరైనా జారితే చూసేవాళ్ల గుండె ఝల్లుమంటుంది, నవ్వు రాదు. తెర మీద అదే మనిషి అంతకంటే ఘోరంగా పడితే పడీ పడీ నవ్వుతాం. దెబ్బ తగల్లేదని మనకు ముందే భరోసా ఉండాలి. ఆ భరోసా ఇవ్వడమే ఈ కళలో సగం పని. అందుకే పడే ముందు నటుడు గాలిలో కాళ్లు కొట్టుకుంటాడు, పడ్డాక వెంటనే లేస్తాడు, చప్పుడు మరీ అసహజంగా వినిపిస్తుంది.

ఆ చప్పుడు కిటుకు మన తోలుబొమ్మలాటవాళ్లకు ఏనాడో తెలుసు. తెర వెనక చెక్కబల్ల వేసుకుని, కేతిగాడికి దెబ్బ పడ్డప్పుడల్లా కాలితో దబ్బుమని తొక్కుతారు. తోలుబొమ్మకు నొప్పి ఉండదు. ఆ మోతకు పిల్లలు ఎగిరెగిరి నవ్వుతారు. బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు రాత్రంతా సాగే రామాయణం మధ్యలో వచ్చి కొట్టుకుని, తిట్టుకుని పోతుంటేనే జనం తెల్లవారేదాకా కూర్చునేవాళ్లు.

భరోసా మనకే. పడేవాడికి కాదు. మూకీల కాలపు బస్టర్ కీటన్ 1928లో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ కోసం కదలకుండా నిలబడితే, ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదికి కూలింది. మేడమీది కిటికీ సందు సరిగ్గా అతను నిలబడ్డ చోట పడింది కాబట్టి బతికాడు. గోడ అట్టముక్క కాదు, నిజమైన బరువు. అంతకు నాలుగేళ్ల ముందు ‘షెర్లాక్ జూనియర్’లో రైలు నీళ్ల గొట్టం ధార మీదపడి మెడ ఎముక విరిగితే, ఆ సంగతి అతనికి చాలా ఏళ్ల తర్వాత డాక్టరు చెబితే గానీ తెలియలేదు.

భాష రానివాడూ నవ్వే తెలుగు సన్నివేశం ఏది?

నన్నడిగితే 1987 ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశమే. మాట తీసేసినా పిసినారితనం అర్థమవుతుంది. ఆ సినిమా తీసిన జంధ్యాల మాటలకు పేరుపడ్డవాడే అయినా, మాట లేకుండా నవ్వించడంలోనూ అంతే గట్టివాడు. విశాఖలో తీసిన ‘చంటబ్బాయ్’లో (1986) ఆయన అప్పటి అగ్రహీరో చిరంజీవికి చార్లీ చాప్లిన్ టోపీ, మీసం, చేతికర్ర ఇచ్చి పాటలో ఆడించాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా వచ్చిన ఆ డిటెక్టివ్ కథలో హీరో పాండురంగారావు పెద్ద పెద్ద గూఢచారుల ఫక్కీలో పోజు పెడతాడు, పని మాత్రం తలకిందులు చేసుకుంటాడు. ఫైట్లతో దూసుకుపోతున్న రోజుల్లో చిరంజీవి అది ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

స్పూఫ్‌ను డబ్బింగ్ చెయ్యలేమని తెలుసా?

2010లో సి.ఎస్.అముదన్ తమిళంలో ‘తమిళ్ పడం’ తీశాడు. శివ హీరో. తమిళ సినిమా మూసలన్నిటినీ వరసబెట్టి ఆటపట్టించిన సినిమా. దానికి మాటలు మార్చి తెలుగులో వదిలేస్తే సగం జోకులు నేలరాలిపోతాయి. ఎందుకంటే ఆ జోకుల వెనకున్న సినిమాలు మనం చూడలేదు. కాబట్టి భీమనేని శ్రీనివాసరావు దాన్ని ‘సుడిగాడు’గా (2012) తిరగతీసినప్పుడు ఎముకల గూడు మాత్రమే తమిళానిది, కండంతా తెలుగు సినిమాలనుంచి తెచ్చి పెట్టాల్సి వచ్చింది. సీమ ఫ్యాక్షన్, సుమోలు గాల్లోకి లేవడం, హీరో పేరు చెబితే గాలి ఆగిపోవడం, ఇవన్నీ మన ఇంటి సామాను. ఒక టికెట్ మీద వంద సినిమాలు అని ప్రచారం చేశారు. అది గొప్ప కోసం చెప్పింది కాదు. ఆ సినిమా చూడటమంటే నిజంగానే పాత సినిమాలన్నీ గబగబా తిరగేసుకోవడమే.

ఇక్కడే కొండమీది యువతరం గురించి ఒక మాట చెప్పాలి. తెలుగును ఇంట్లో కాక బడిలో నేర్చుకున్న కుర్రాడు ‘సుడిగాడు’లో ఏ ముక్క ఏ సినిమాదో ఠక్కున చెప్పగలిగితే, ఆ భాష సంస్కృతి అతనికి పూర్తిగా సొంతమైందని అర్థం. వ్యాకరణ పరీక్షలో వచ్చే మార్కుల కంటే ఇది నాకు పెద్ద గురుతు.

‘సుడిగాడు’ హీరో అల్లరి నరేష్ తర్వాతి దారి కూడా ఆసక్తికరం. జంధ్యాల దగ్గర పనిచేసిన ఇ.వి.వి.సత్యనారాయణ కొడుకు అతను. హాస్యం ఇంటి వృత్తి. 2021లో ‘నాంది’తో గంభీర పాత్రలవైపు మళ్లాడు. 2022 నవంబరులో ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’లో ఎన్నికల పనిమీద కొండ పల్లెకు వెళ్లే మాస్టారిగా కనిపించాడు. ఆ సినిమా వచ్చేనాటికి మారేడుమిల్లి, డుంబ్రిగుడ రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. రోడ్డు లేని ఊరి కష్టం ఆ కథకు ఆయువుపట్టు. మన్యంలో దాన్ని సినిమా కష్టంగా ఎవరూ చూడరు.

ఇడ్లీ తినే కౌబాయ్

తెలుగులో కౌబాయ్ సినిమా 1971లోనే కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో వచ్చింది. ఆ బాపతు సినిమాల మీద స్పూఫ్‌లో కౌబాయ్ కూడా మనవాడే. 2009లో వచ్చిన ‘క్విక్ గన్ మురుగన్’లో శాకాహార కౌబాయ్‌గా రాజేంద్రప్రసాద్ నటించాడు. పచ్చ చొక్కా, చిరుతపులి మచ్చల కోటు వేసుకుని కూడా ముఖంలో నవ్వు కనపడనివ్వడు.

నవ్వించేవాడు ఎందుకు నవ్వకూడదు?

ఇదే ఈ కళకు ప్రాణం. 1980లో హాలీవుడ్‌లో జిమ్ అబ్రహామ్స్, డేవిడ్ జుకర్, జెర్రీ జుకర్ అనే ముగ్గురు ‘ఎయిర్‌ప్లేన్!’ తీశారు. విమాన ప్రమాదం కథ. అది 1957 నాటి ‘జీరో అవర్!’ అనే గంభీరమైన సినిమాకు ఎంత దగ్గరగా ఉందంటే, దాని హక్కులు కొనుక్కుని మరీ తీశారు. హాస్యనటుల్ని పెట్టలేదు. అంతవరకు సీరియస్ వేషాలు వేసిన లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్, పీటర్ గ్రేవ్స్ లాంటివాళ్లను తెచ్చి, జోకు అని తెలియనట్టే చెప్పమన్నారు. నీల్సన్ జీవితమే ఆ సినిమాతో మారిపోయింది. 50 దాటాక హాస్యనటుడయ్యాడు.

మన సంపూర్ణేష్ బాబు పట్టుకున్నది సరిగ్గా ఈ సూత్రాన్నే. 2014 ఏప్రిల్‌లో ‘హృదయ కాలేయం’ రాకముందే దాని పోస్టరు గురించి రాజమౌళి ట్వీట్ చేయడంతో ఊరూవాడా తెలిసిపోయింది. సినిమాలో సంపూ ఎక్కడా కన్నుగీటడు. తనను తాను నిజమైన అగ్రహీరోగా నమ్ముతాడు. 2019 ఆగస్టులో వచ్చిన ‘కొబ్బరి మట్ట’ ఇంకా ముదిరింది. అది 1995 నాటి ‘పెదరాయుడు’ను గురి పెట్టిన సినిమా. అసలు సినిమాలోని పాపరాయుడు, పెదరాయుడు అనే పేర్లు తీసుకుని, మూడో తరానికి ఆండ్రాయుడు అని పేరు పెట్టి, మూడు పాత్రలూ సంపూ ఒక్కడే వేశాడు. ఊపిరి తిప్పుకోకుండా మూడు నిమిషాలకు పైగా ఒకే డైలాగు చెప్పిన ముక్క సినిమాకంటే ముందే ఫోన్ల నిండా తిరిగింది. పాత సినిమా డైలాగుల నిడివిని అంతకంటే పొడుగ్గా లాగి చూపించడమే అక్కడి హాస్యం. కానీ అన్ని మాటలు తడబడకుండా చెప్పాలంటే అసలు హీరోకు ఉన్నంత సత్తా ఉండాలి.

అన్నట్టు, ‘పెదరాయుడు’ దర్శకుడు రవిరాజా పినిశెట్టి. ‘యముడికి మొగుడు’ తీసిందీ ఆయనే.

రెండో భాగం ఎందుకు తీస్తారు? డబ్బు కోసమేనా?

డబ్బు కోసమూ తీస్తారు, కాదనను. కానీ ఈ జాతి సినిమాకు రెండో భాగం సహజంగా అబ్బుతుంది. మొదటి భాగం ఇతర సినిమాల జ్ఞాపకం మీద నడిస్తే, రెండో భాగానికి మొదటిదే జ్ఞాపకం అవుతుంది. అప్పుడు జోకు మళ్లీ మొదట్నుంచి కట్టుకురానక్కర్లేదు, ఒక్క సైగ చాలు.

1993లో రామ్‌గోపాల్ వర్మ నిర్మాతగా శివనాగేశ్వరరావు ‘మనీ’ తీశాడు. ‘శివ’తో రౌడీయిజాన్ని తెలుగు తెరకు కొత్తగా పరిచయం చేసిన వర్మ సంస్థలోంచే, హీరో కావాలని తపించే రౌడీ ఖాన్ దాదాగా బ్రహ్మానందం బయటికొచ్చాడు. రెండేళ్లకు ‘మనీ మనీ’లో ఖాన్ దాదా మళ్లీ దిగేసరికి, అతను నడిచొస్తుంటేనే హాల్లో ఈలలు.

హాలీవుడ్‌లో ‘ఎయిర్‌ప్లేన్!’ త్రయం 1982లో ‘పోలీస్ స్క్వాడ్!’ అని టీవీ ధారావాహిక తీస్తే 6 భాగాలకే ఆపేశారు. కళ్లప్పగించి చూస్తే తప్ప జోకులు అందవు, ఇంట్లో టీవీ అంత శ్రద్ధగా ఎవరూ చూడరు అన్నది ఛానల్ పెద్దల వాదన. అదే సరుకు 1988లో ‘ది నేకెడ్ గన్’ పేరుతో చీకటి హాల్లోకి వెళ్లి జయకేతనం ఎగరేసింది. 1991లో, 1994లో కొనసాగింపులు వచ్చాయి. 2025లో లియామ్ నీసన్‌తో మళ్లీ తీశారు. ఆయన కూడా నవ్వని మనిషే. తుపాకీ పట్టుకుని బెదిరించే వేషాలకు పేరుపడ్డవాడు.

తెలుగులో ఈ పనిని అందంగా చేసినవాడు రితేష్ రానా. 2019 డిసెంబరులో వచ్చిన ‘మత్తు వదలరా’లో కథ ఒకవైపు ఉత్కంఠగా నడుస్తుంటే, టీవీలో ‘ఓరి నా కొడకా’ అనే సీరియల్ సాగుతుంటుంది. ఎంతకీ తెగదు. మన డైలీ సీరియళ్ల సాగతీత తెలిసిన ఏ ఇల్లాలైనా పట్టేసే హాస్యం అది. 2024 సెప్టెంబరులో ‘మత్తు వదలరా 2’ వచ్చింది. ఐదేళ్ల తర్వాత కూడా ఆ సీరియల్ అక్కడ నడుస్తూనే ఉంది! హాల్లో తెలిసినవాళ్లు ఒక్క క్షణం ముందు నవ్వారు, తెలియనివాళ్లు వాళ్లను చూసి నవ్వారు.

స్పూఫ్ రాసినవాడికి జాతీయ పురస్కారం

‘హృదయ కాలేయం’ తెరమీద దర్శకుడి పేరు స్టీవెన్ శంకర్ అని పడుతుంది. ఆ పేరు వెనకున్న మనిషి సాయి రాజేష్. ‘కొబ్బరి మట్ట’ రాసిందీ ఆయనే. 2020లో వచ్చిన ‘కలర్ ఫొటో’కు కథ ఇచ్చిందీ ఆయనే. 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అది ఉత్తమ తెలుగు చిత్రం. ఇక 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ పురస్కారాల్లో ‘బేబీ’కి గాను ఉత్తమ స్క్రీన్‌ప్లే గౌరవం ఆయనకు దక్కింది. చాలామంది ఆశ్చర్యపోయారు, నాకు మాత్రం ఆశ్చర్యం లేదు. ఒక సినిమాలో విరామం ఎందుకు అక్కడే పడుతుందో, హీరో పరిచయానికి ముందు ఎందరు దెబ్బలు తినాలో, అమ్మ ఎప్పుడు ఏడవాలో లెక్కగట్టి తెలిస్తేనే దాన్ని వెక్కిరించగలం. గడియారం విప్పినవాడికే బిగించడమూ వస్తుంది.

ఇంట్లో పిల్లలకు ఈ సినిమాలు చూపించాలనుకుంటే నా సలహా ఒకటే, వరస తప్పకండి. ముందు ‘పెదరాయుడు’, ఆ తర్వాతే ‘కొబ్బరి మట్ట’. ‘మత్తు వదలరా’ మొదటిది చూడకుండా రెండోది పెట్టకండి. ‘సుడిగాడు’కు మాత్రం పది పదిహేను పెద్ద హీరోల సినిమాలైనా చూసి ఉండాలి. ‘మాయాబజార్’కు ముందు ఏదీ చూడక్కర్లేదు. దాన్ని ఎప్పుడైనా, ఎవరికైనా పెట్టెయ్యొచ్చు. తెలుగు ఇంకా రాని బుజ్జివాళ్లు కూడా తివాచీ దగ్గరికి వచ్చేసరికి నవ్వుతారు.